ఐపీ పెట్టేముందు

అప్పులు చేయి దాటిన ఇంటిని ఫోను మోగినప్పుడు గుర్తుపట్టవచ్చు. తెలియని నంబరైతే ఎత్తరు. తలుపు తడితే ముందు కిటికీలోంచి చూస్తారు. బంధువుల పెళ్లికి ఒక్కరే వెళ్లి, అక్షింతలు వేసి, భోజనానికి ఆగకుండా వచ్చేస్తారు. మొత్తం అప్పు ఎంతో ఇంట్లో ఒక్కరికే తెలుసు, ఆ ఒక్కరికీ కచ్చితంగా తెలియదు. సరిగ్గా ఈ దశలోనే చాలామంది ఈ నెల గడిస్తే చాలనుకుని మరోచోట, మరింత ఎక్కువ వడ్డీకి, ఇంకో అప్పు తెస్తారు.

ఆ చివరి అప్పులు చేయించేది భయం, సిగ్గు. జైల్లో వేస్తారేమో, సామాను వీధిలో పడేస్తారేమో, పిల్లల మీద పడతారేమో అన్న భయంతో మనిషి లెక్క చూసుకోవడం మానేస్తాడు. అందుకే బడ్జెట్టు గురించి చెప్పేముందు చట్టం గురించి చెబుతాను. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. తీర్చే ఉద్దేశం లేకుండా మోసం చేసి తీసుకోవడం, తీసుకున్నాక ఆస్తి దాచేయడం వేరే సంగతి. మీరు మొదటి కోవలో ఉంటే తలెత్తుకుని మాట్లాడే హక్కు మీకుంది.

చట్టం ఎక్కడిదాకా రాగలదు

అప్పిచ్చినవారు కోర్టుకు వెళ్లి డిక్రీ తెచ్చుకున్నారనుకుందాం. ఆ తర్వాత అమలు కోసం ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేస్తారు. అప్పుడు కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొన్నిటిని జప్తుకు అందకుండా కాపాడుతుంది. ఇంటిల్లిపాదీ కట్టుకునే బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు, ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీంచి తీయకూడని మంగళసూత్రం లాంటి నగలు వీటిలో ఉన్నాయి. చేతివృత్తివారి పనిముట్లు, రైతు నాగలి, ఎడ్లు, విత్తనాలు, వ్యవసాయం మీద బతికే రైతు ఉండే ఇల్లు కూడా ఉన్నాయి. ప్రావిడెంట్ ఫండ్, జీవిత బీమా సొమ్ము, కూలీల వేతనం కూడా ఆ జాబితాలోవే. (తాకట్టు పెట్టిన ఆస్తి సంగతి వేరు. తాకట్టు ఉన్నవారికి ఆ ఆస్తి మీద ప్రత్యేక హక్కుంటుంది.)

జీతం విషయంలో లెక్క ఇలా ఉంటుంది. మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. జీతం 31 వేలనుకుంటే 21 వేలు మీ ఇంటికి రావలసిందే. కోర్టు 10 వేలకు మించి పట్టుకోలేదు. ఒకే డిక్రీ కింద 24 నెలలు పట్టుకున్నాక ఆ డిక్రీకి ఇక జీతం జోలికి రావడానికి లేదు. భరణం డిక్రీలకు నిబంధన వేరు. మామూలు అప్పులకు ఇదే వర్తిస్తుంది.

జైలు మాటకొస్తే, డబ్బు డిక్రీ కింద సివిల్ జైలు అనేది చట్టంలో ఉన్నమాట నిజం. 5,000 రూపాయలు దాటిన డిక్రీకి గరిష్ఠంగా మూడు నెలలు. అయితే 1980లో కొచ్చిన్ బ్యాంకు కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన సుప్రీంకోర్టు తీర్పు దీనికి కళ్లెం వేసింది. చేతిలో డబ్బుండి, దురుద్దేశంతో ఎగ్గొట్టినవాడినే పంపాలి. పేదరికం వల్ల కట్టలేని మనిషిని పంపడం రాజ్యాంగంలోని 21వ అధికరణకు విరుద్ధం. ఇక స్త్రీలను డబ్బు డిక్రీ కింద అరెస్టు చేయడమే కుదరదు, 56వ సెక్షన్ అడ్డు ఉంది.

తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలన్నది మన ఊళ్లలో బలంగా నాటుకున్న మాట. కానీ చట్టం ప్రకారం తండ్రి నుంచి మీకు సంక్రమించిన ఆస్తి ఎంతో అంతవరకే మీ బాధ్యత. ఏమీ రాకపోతే మీ సొంత సంపాదన మీద అప్పులవాళ్లకు హక్కు లేదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత హిందూ న్యాయ సూత్రం ఆధారంగా కొత్త అప్పులకు కేసు వేసే వీలును 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం తీసేసింది. పరువు కోసం తీరుస్తాననుకుంటే అది మీ ఇష్టం. కానీ దహనసంస్కారాల రోజున ఎవరో వచ్చి కొత్త ప్రోనోటు మీద సంతకం పెట్టమంటే మాత్రం పెట్టకండి. పెట్టారంటే అది మీ అప్పవుతుంది. విదేశీ చదువులకు తీసుకున్న లోనులో సహ రుణగ్రహీతగా తండ్రి సంతకం ఉంటే ఇదే లెక్క తిరగబడుతుంది. పిల్లవాడికి అమెరికాలో ఉద్యోగం పోతే ఇక్కడి తండ్రి ఆ లోనుకు పూర్తి బాధ్యుడు.

ఈ రక్షణలన్నీ కోర్టుకు హాజరైనవారికే ఉపయోగపడతాయి. నోటీసు తీసుకోకుండా పోస్టుమేన్‌ను వెనక్కి పంపితే కేసు ఆగిపోతుందని నమ్మేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వద్దని తిప్పి పంపిన నోటీసు అందినట్టే లెక్క. మీరు హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. అవతలివారు రాసిన వడ్డీ, అసలు అన్నీ ప్రశ్న లేకుండా ఖాయమవుతాయి. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా పొడిగించవచ్చు. లాయరుకు ఇచ్చే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా, మిగిలినవారికి ఆదాయ పరిమితికి లోబడి, ఉచితంగా లాయరును పెడతారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

అన్నీ ఒక్క పుస్తకంలో

ఇప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకోండి. భార్యాభర్తలిద్దరూ కూర్చోవాలి. ఒక్కరే కూర్చుని రాసిన జాబితాలో ఏదో ఒకటి దాక్కుంటుంది. సాధారణంగా అది అన్నిటికన్నా ప్రమాదకరమైన అప్పే అయి ఉంటుంది.

ప్రతి అప్పుకూ ఒక పేజీ ఇవ్వండి. ఎవరిచ్చారు, చేతికి ఎంత వచ్చింది, ఇప్పటిదాకా ఎంత కట్టారు, తాకట్టు ఏముంది, జామీను సంతకం ఎవరిది, మీ దగ్గరినుంచి ఏ కాగితాలు తీసుకున్నారు అన్నవన్నీ రాయాలి. ఖాళీ చెక్కులు, ఖాళీ ప్రోనోట్లు ఇచ్చి ఉంటే వాటి సంఖ్య తప్పకుండా రాయండి. చేబదులు, చీటీ బాకీ, బంగారం కుదువ, క్రెడిట్ కార్డు, డ్వాక్రా సంఘంలో మీ వంతు, ఏదీ వదలొద్దు. తర్వాత అన్నిటి వడ్డీనీ ఏడాది లెక్కలోకి మార్చండి. నూటికి రెండంటే 24 శాతం, నూటికి మూడంటే 36. కార్డు మీద నెలకు మూడున్నర శాతమంటే ఏడాదికి 42. రోజువారీ ఫైనాన్సులో 10 వేల అప్పు అని చెప్పి చేతికి 8,500 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, తగ్గుతూ పోయే అసలు మీద అది ఏడాదికి నూటికి నూరు దాటిన వడ్డీ. రోజుకు వందే కదా అనిపించడమే ఆ వ్యాపారపు బలం.

ఒక కుటుంబానికి నెలకు 45 వేలు వస్తాయనుకుందాం. అద్దె, కిరాణా, ఫీజులు, మందులు పోగా 15 వేలు మిగులుతాయి. కిస్తులు, వడ్డీలు కలిపి 34 వేలు. అంటే నెలకు 19 వేల లోటు, ఏడాదికి 2,28,000 కొత్త అప్పు, దాని వడ్డీ కాక. ఈ ఇంట్లో ఖర్చులు తగ్గించుకోమని చెప్పడం అన్యాయం. కాఫీలు మానేసినా 19 వేలు పూడవు. అప్పు రూపమే మారాలి, లేదా ఆస్తి కదలాలి.

ఆస్తి కదలడం దగ్గరే మనవాళ్లు ఆగిపోతారు. ఊరి చివర కొన్న స్థలం అమ్మడానికి మనసొప్పదు, ధర పెరుగుతుందనుకుంటారు. ఐదు లక్షల అప్పుకు నూటికి మూడు చొప్పున ఏడాదికి 1,80,000 వడ్డీ పోతోంది. ఆ స్థలం ఏటా అంత పెరుగుతోందా? పెరగకపోతే అది మీ దగ్గర ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని తినేస్తూనే ఉంటుంది. బంగారమైనా అంతే. వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ పోయి చివరికి వేలంలో పోగొట్టుకునేకన్నా, ముందే మీరే అమ్మితే చేతికి ఎక్కువ వస్తుంది. అమ్మేటప్పుడు ఒక్క జాగ్రత్త: బజారు ధరకు, బ్యాంకు ద్వారా, నిజమైన కొనుగోలుదారుకు అమ్మండి. బావమరిది పేరున రాసివ్వడం లాంటివి తర్వాత ఎంత నష్టం చేస్తాయో కాసేపట్లో చెబుతాను.

మిగిలిన 15 వేలు ఎవరికి ఇవ్వాలి? ఎక్కువగా అరిచేవాడికి ముందు ఇవ్వడం మనకు అలవాటు. నా సలహా వేరు. తలదాచుకునే ఇల్లు తాకట్టులో ఉంటే దాని కిస్తు ముందు. మీ బతుకుతెరువు ఆటో అయితే ఆటో కిస్తు ఆ తర్వాత. కిస్తు 90 రోజులు దాటితే బ్యాంకు ఖాతాను మొండిబాకీగా రాస్తుంది. తర్వాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. దానికి మీరు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనానికి దిగితే 45 రోజుల్లోగా హైదరాబాదు లేదా విశాఖపట్నంలోని డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. ఇల్లు, బండి తర్వాతే తాకట్టు లేని అప్పులు. వాటిలో వడ్డీ ఎక్కువున్నది ముందు.

అడిగేవాళ్లతో

బ్యాంకుకు మీరే వెళ్లండి, వాళ్లు వచ్చేదాకా ఆగొద్దు. ఆదాయం ఎందుకు తగ్గిందో కాగితాలతో సహా రాసిచ్చి, కిస్తు తగ్గించి గడువు పెంచమని అడగండి. అది కుదరకపోతే వన్ టైమ్ సెటిల్‌మెంట్. ఇందులో కొంత సొమ్ము వదులుకుంటారు గానీ, సిబిల్ రికార్డులో 'సెటిల్డ్' అని పడుతుంది, ఆ ముద్ర కొన్నేళ్లు ఉంటుంది. అది తెలిసే ఒప్పుకోండి. ఒప్పందం బ్యాంకు లెటర్‌హెడ్ మీద రావాలి. ఏజెంటు నోటిమాట, వాట్సాప్ సందేశం చాలవు. సొమ్ము అప్పు ఖాతాలోకే కట్టాలి, మనిషి చేతికి కాదు. పూర్తిగా కట్టాక తాకట్టు పత్రాలు 30 రోజుల్లో తిరిగివ్వాలి. బ్యాంకు తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారమివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది.

ప్రోనోటు అప్పు సంగతి వేరు. ఆ నోటుకు మూడేళ్లు ఆయుష్షు. ఈలోగా కొంత కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కడినుంచి మళ్లీ మూడేళ్లు. కాలదోషం పట్టిన నోటు మీద కోర్టులో డబ్బు రాదు. కానీ ఆ బాకీ తీరుస్తానని మీరు కొత్తగా రాసిచ్చారంటే అది మళ్లీ బతుకుతుంది. కష్టకాలంలో ఆదుకున్న మేనమామ నోటుకు కాలదోషం పట్టిందని సంతోషించమని నేను చెప్పను. వీలైనప్పుడు తీర్చండి. ఇప్పటికే అసలుకు రెండింతలు లాగినవాడు మనుషుల్ని వెంటేసుకొచ్చి తిరగరాయమంటే మాత్రం ఒక్కరోజు ఆగి లాయరును అడగండి. తేదీ ఎంతో విలువైనది.

చెక్కుల విషయంలో మాత్రం నిర్లక్ష్యం పనికిరాదు. చెక్కు బౌన్సయితే అప్పు వ్యవహారం కాస్తా క్రిమినల్ కేసు అవుతుంది. రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ. నోటీసు చేతికందిన 15 రోజుల్లో కడితే కేసు లేదు. కట్టలేకపోతే ఆ గడువులోగానే లాయరు ద్వారా జవాబివ్వండి. ఖాళీ చెక్కు ఇచ్చాననడం వాదనగా ఒంటరిగా నిలవదు. సంతకం మీదైతే అది అప్పు కోసమే ఇచ్చారన్న భావనతో కోర్టు మొదలుపెడుతుంది. అప్పు తీరిపోయిందని చూపే రశీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అక్కడ మిమ్మల్ని కాపాడతాయి. ఈ కేసు ఏ దశలోనైనా రాజీకి వీలైనది. లోక్ అదాలత్‌లో రాజీపడితే దాని మీద అప్పీలు ఉండదు, గొడవ అక్కడితో ముగుస్తుంది.

వేధింపు మాటకొస్తే తెలుగునేల చాలా చూసింది. 2010లో మైక్రోఫైనాన్సు వసూళ్ల ఒత్తిడి మీద ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీల కాల్ మనీ వ్యవహారం బయటపడింది. 2020 చివర్లో లోన్ యాప్‌ల బెదిరింపులకు హైదరాబాదు చుట్టుపక్కల ప్రాణాలు పోయాయి. ఇంటిముందు అరిచి, ఫొటోలు మార్చి బంధువులకు పంపి, మనిషిని నలుగురిలో తలెత్తుకోనివ్వకుండా చేయడమే ఈ వసూళ్ల ఆయుధం. దానికి లొంగకపోవడానికి కావలసిన నిబంధనలు ఇప్పుడు ఉన్నాయి. బ్యాంకుల, ఫైనాన్సు కంపెనీల ఏజెంట్లు బాకీ కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదు. మైక్రోఫైనాన్సుకు ఆ వేళలు 9 నుంచి 6 వరకే. బంధువులకు, ఆఫీసుకు ఫోన్లు చేసి పరువు తీయడం నిషిద్ధం. యాప్ ద్వారా అప్పిచ్చేవారు మీ ఫోనులోని కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు చూడకూడదని 2022 సెప్టెంబరు నుంచీ రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి.

వచ్చిన ఏజెంటును గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. మాటలు రికార్డు చేయండి, తేదీ, వేళ నోటుపుస్తకంలో రాయండి. ముందు కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపండి. రుసుము లేదు, 14448కి ఫోను చేస్తే తెలుగులోనే దారి చెబుతారు. బెదిరింపు, ఇంట్లోకి జొరబడటం, మార్ఫింగ్ ఫొటోలు ఉంటే ఈ 30 రోజులు ఆగక్కర్లేదు. అవి నేరాలు, వెంటనే పోలీసులకు, ఆన్‌లైన్ వేధింపైతే 1930కి చెప్పండి. అదే పోలీసులు మిమ్మల్ని స్టేషనుకు పిలిచి ఫలానావాడి బాకీ కట్టమంటే, అది సివిల్ వ్యవహారమని, కోర్టులో చూసుకుంటామని మర్యాదగా చెప్పండి. వసూళ్లు వాళ్ల పని కాదు.

ఈ పేజీ చదువుతున్నవారిలో ఎవరికైనా బతకాలనిపించకపోతే, పుస్తకం పక్కన పెట్టి 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ ప్రభుత్వ సేవ, ఏ వేళలోనైనా పలుకుతారు, ఉచితం. ఇంట్లో ఒక్కరికైనా మొత్తం అప్పు ఎంతో ఈ రాత్రే చెప్పేయండి. ఏ అప్పుకైనా రాజీ ఉంది, గడువు ఉంది, చివరికి ఐపీ, అంటే దివాలా పిటిషన్, కూడా ఉంది.

ఐపీ అంటే నిజంగా ఏమిటి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సామాన్యుడి దివాలా పిటిషన్ ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తోంది. అప్పు 500 రూపాయలైనా ఉండి, తీర్చలేని స్థితిలో ఉంటే చాలన్న నిబంధనలోనే దాని వయసు కనిపిస్తుంది. 2016 దివాలా స్మృతిలో చిన్న అప్పుదారుల కోసం 'ఫ్రెష్ స్టార్ట్' అనే మంచి ఏర్పాటు రాసుకున్నారు. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు మించని, సొంతిల్లు లేని మనిషికి ఆ అప్పు కొట్టేసే అవకాశం అది. కానీ ఆ స్మృతిలో వ్యక్తుల దివాలా గురించిన భాగాన్ని 2019 డిసెంబరులో ఫ్రెష్ స్టార్ట్ మినహాయించి, కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తుల వరకే అమల్లోకి తెచ్చారు. పెద్ద కంపెనీలకు బకాయిల్లో కోతతో బయటపడే దారి దొరికింది. 35 వేల బాకీ ఉన్న కూలీకి మాత్రం ఆ తలుపు తెరవలేదు. ఇది అన్యాయమని ఈ పుస్తకంలోనే కాదు, అవకాశం వచ్చిన ప్రతిచోటా చెబుతాను.

కాబట్టి మనకున్నది పాత చట్టమే. పిటిషన్ సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. అందులో ప్రతి అప్పిచ్చినవారి పేరు, చిరునామా, బాకీ రాయాలి. మీ ఆస్తి మొత్తం రాసి, కోర్టుకు అప్పగించడానికి సిద్ధమని చెప్పాలి. ఆ నోటుపుస్తకం ఇక్కడ అక్కరకొస్తుంది. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే, జప్తుకు అందనివి మినహా మీ ఆస్తి కోర్టుకు లేదా కోర్టు నియమించే రిసీవరుకు చెందుతుంది. పిటిషన్‌లో ఉన్న అప్పులవాళ్లు కోర్టు అనుమతి లేకుండా విడిగా దావాలు వేయలేరు. అరెస్టు నుంచి రక్షణ కూడా అడగవచ్చు.

ఐపీతో ఆగనివి చాలా ఉన్నాయి. తాకట్టు ఉన్న బ్యాంకు తన ఆస్తి తాను తీసుకుంటుంది. చెక్కు కేసు దాని దారిన అది నడుస్తుంది. ప్రభుత్వానికి కట్టవలసినవి, మోసంతో చేసిన అప్పులు, భార్యకు కట్టవలసిన భరణం చివర్లో డిశ్చార్జి (అప్పుల నుంచి కోర్టు ఇచ్చే విముక్తి) వచ్చినా పోవు. అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకొకటుంది. మీకు జామీను సంతకం పెట్టినవారికి విముక్తి లేదు. మీరు ఐపీ పెట్టిన మర్నాడు చీటీ కంపెనీ మీ స్నేహితుడి జీతం మీదికి వెళుతుంది. సంతకం పెట్టిన ప్రతి మనిషి దగ్గరికీ పిటిషన్ వేయకముందే మీరే వెళ్లి చెప్పండి. కోర్టు నోటీసు ద్వారా తెలిస్తే ఆ బంధం మళ్లీ అతకదు.

ఆస్తి ముందే భార్య పేరునో, బావమరిది పేరునో మార్చి తర్వాత ఐపీ పెట్టడం కొందరు తెలివి అనుకుంటారు. దివాలా పిటిషన్‌కు ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన ఆస్తి బదిలీలను రిసీవరు రద్దు చేయించగలడు. పిటిషన్‌కు మూడు నెలల లోపు కావాలని ఒకరికే కట్టి మిగిలినవారిని ముంచితే అదీ చెల్లదు. ఆస్తి దాచినట్టు తేలితే శిక్ష, పైగా డిశ్చార్జి దొరకదు. నిజాయితీపరుడికి ఐపీ ఒక ఆశ్రయం. దాన్ని ఎత్తుగడగా వాడుకున్నవారివల్లే ఆ మాటకు చెడ్డపేరు వచ్చింది, నిజమైన బాధితుడు కోర్టు మెట్లెక్కడానికి సిగ్గుపడవలసి వస్తోంది.

దివాలాదారుగా ఉన్నన్నాళ్లూ కొన్ని పరిమితులున్నాయి. ఎన్నికల్లో నిలబడలేరు. తాను దివాలాదారునని చెప్పకుండా 50 రూపాయల అప్పు తీసుకున్నా నేరమే. ఈ స్థితి నుంచి బయటపడేది డిశ్చార్జి ఆర్డరుతో. దివాలా ప్రకటించే ఉత్తర్వులోనే డిశ్చార్జి కోసం దరఖాస్తు చేయడానికి కోర్టు ఒక గడువు రాస్తుంది. ఐపీ పెట్టినవారు తరచుగా మరిచిపోయేది దీన్నే. ఉత్తర్వు వచ్చింది కదా, బాధ తీరిందనుకుంటారు. గడువులోగా దరఖాస్తు వేయకపోతే కోర్టు ఆ ప్రకటననే రద్దు చేస్తుంది. ఆగిన అప్పులవాళ్లందరూ మళ్లీ తిరిగొస్తారు. ఉత్తర్వు చేతికొచ్చిన రోజే ఆ తేదీ ఏదో లాయరుతో చదివించుకుని, నోటుపుస్తకం అట్టమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. దానికి నెల రోజుల ముందే దరఖాస్తు సిద్ధం చేయించండి.